ఇసుకే మానేరు

(హనుమకొండలో జరిగిన ఒక సాయంత్రం సమావేశంలో, భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలున్నరు, ఆడబిడ్డలున్నరు, కాలేజీ పిల్లలున్నరు. సంతోషం. ఎండల పడి వచ్చిండ్రు, ముందుగాల నీళ్ళు తాగండి. తాగిండ్రా? ఇప్పుడు చెప్పండి, ఆ నీళ్ళు ఎక్కడియి?

వడ్డేపల్లి చెరువుయి అని వెనుకనుంచి ఎవరో అన్నరు. సరే. ధర్మసాగరం అంటరు, భద్రకాళి చెరువు అంటరు. మరి ఆ చెరువులల్లకు ఎక్కడినుంచి వచ్చినయి? వానకు నిండేది కొంతనే. ఎండాకాలం కూడ మన నల్లాల నీళ్ళు వస్తున్నయంటే, కరీంనగర్ పక్కన కట్టిన లోయర్ మానేరు డ్యాం నుంచి, కాకతీయ కాలువ పట్టుకొని వస్తున్నయి. ఈ ఊరు తాగేది గోదారిలో కలిసే మానేరు అనే ఏటి నీళ్ళు. వరంగల్‌ల పుట్టి, ఇక్కడనే చదువుకొని, ఇక్కడనే నౌకరీ చేసిన మనిషిని అడగండి, మానేరును చూసినవా అని. బస్సులో పోతుంటే వంతెన మీదినుంచి చూసిన అంటడు. అంతే. తాగే నీళ్ళతోని మనకున్న చుట్టరికం అంతవరకే ఉన్నది. అది నాకు బాధ. అందుకే ఇయ్యాల మానేరు గురించి చెప్తానని నేనే అడిగి వచ్చిన.

ముందుగాల ఒక మాట. వరంగల్‌కు నది ఎందుకు లేదు? కాకతీయులు అంత పెద్ద రాజ్యం ఏలిండ్రు, రాజధానిని గోదారి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో పెట్టుకోలేదు. మనం కూర్చున్న ఈ నేల రెండు నదుల నడిమి మిట్ట. దీనికి దక్షిణాన పడ్డ వాన ఆకేరులో పడి, మున్నేరులో కలిసి, కృష్ణకు పోతది. ఉత్తరాన పడ్డ వాన వాగులు, ఒర్రెలు పట్టుకొని గోదారి దిక్కు పోతది. మిట్ట మీద ఉన్నోనికి పారే నీళ్ళు దొరకవు, పడ్డ నీళ్ళను ఆపుకోవాలె. అందుకే పాకాల, రామప్ప, లక్నవరం. అందుకే ఊరూరికి చెరువు. కాకతీయుల చెరువుల గురించి ఇక్కడ మస్తుసార్లు సభలు జరిగినయి, నేను మళ్ళీ చెప్పను. నేను చెప్పేది చెరువు గురించి కాదు, ఏరు గురించి. చెరువు వేరు, ఏరు వేరు. చెరువు నీళ్ళను పైన నిలుపుతది. మా ఏరు నీళ్ళను కింద దాస్తది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, చివరిదాకా ఇదే మాట చుట్టూ తిరుగుత.

పై నుంచి కిందికి పోదాం.

మానేరు ఏదో ఒక గుట్ట మీద, ఒక గుడి వెనుక పుట్టింది అని చెప్పడానికి లేదు. కామారెడ్డి దిక్కునుంచి పాల్వంచ వాగు వస్తది. గజ్వేల్, దుబ్బాక దిక్కునుంచి కూడవెల్లి వాగు వస్తది, దాన్నే కూడ్లేరు అని కూడ అంటరు. రెండూ గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర కలుస్తయి. అక్కడ నిజాం కాలంలో కట్ట మొదలుపెట్టిండ్రు. అదే ఎగువ మానేరు. రెండు టీఎంసీల పైచిలుకు పట్టే ప్రాజెక్టు. ఇప్పటి లెక్కల చిన్నదే. కానీ కట్టిన స్థలం చూడండి, రెండు వాగులు కలిసి గుట్టల నడుమ సందు చేసుకున్న చోట కట్టిండ్రు. ఆ ఇంజనీర్లకు ఏరు తెలుసు. మొన్న 2025 ఆగస్టు ఆఖర్న కామారెడ్డి మీద విరుచుకపడ్డ వాన యాది ఉన్నది గదా? ఆ నీళ్ళన్నీ నర్మాల మీదికే వచ్చినయి. అక్కడ చిక్కుకున్న రైతులను హెలికాప్టర్ వచ్చి తీసుకపోవాల్సి వచ్చింది. ఏడాదిలో ఎనిమిది నెలలు పిల్లలు నడిచి దాటే ఏరు, ఒక్క రాత్రికి అట్ల అయితది. మానేరు గుణమే అది. దీనికి మంచు కొండలు లేవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానే దీనికి దిక్కు. వచ్చినప్పుడు మీద పారుతది, మిగతా కాలమంతా లోపల పారుతది.

నర్మాల దాటినంక సిరిసిల్ల. సిరిసిల్లను మగ్గాల ఊరు అనే అందరూ చెప్తరు, ఏటి ఒడ్డు ఊరు అని చెప్పేటోళ్ళు తక్కువ. సిరిసిల్ల దాటినంక ఎడమదిక్కునుంచి మూలవాగు వస్తది, వేములవాడ మీదుగ. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ చరిత్ర మస్తుగ ఉన్నది.

వేములవాడ అంటే మనకు రాజన్న, కోడె మొక్కు. కానీ వెయ్యేండ్ల కింద అది చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో పంపడు ఉన్నడు. కన్నడ సాహిత్యానికి ఆదికవి అని కన్నడిగులు నెత్తిన పెట్టుకునే పంపడు ఈ మూలవాగు నీళ్ళు తాగి కవిత్వం రాసినోడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించిండు. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలల్ల. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నయి. పదో శతాబ్దం నడిమిది. అంటే నన్నయ్యకు దగ్గరదగ్గర నూరేండ్ల ముందు మన గుట్ట మీద, మన భాషల కంద పద్యం ఉన్నది. పిల్లలూ, మీరు ఎవరైన ఆ గుట్ట ఎక్కిండ్రా? ఒక్క చెయ్యి లేవలేదు. ఎక్కండి. మెట్లున్నయి, ఆదివారం పోయి రావచ్చు. రాతి మీద చక్రేశ్వరి, జినుల బొమ్మలు, కింద అక్షరాలు. పైనుంచి చూస్తే చుట్టూ గుట్టలే. కరీంనగర్ గుట్టలు. ఆ గుట్టల ముచ్చట మళ్ళీ చెప్త, మరిచిపోకండి.

ఇంకా పాతదానికి పోవాలంటే పెద్దపల్లి దిక్కు పోవాలె. ధూళికట్టలో బౌద్ధ స్తూపం, శాతవాహనుల కాలంది. పక్కన పెద్దబొంకూరులో తవ్వితే ఇటుకతోని కట్టిన బావులు, కాల్చిన మట్టి వరలు పేర్చిన బావులు బయటపడ్డయి. నాణేలు కూడ కుప్పలుగ దొరికినయి, అందరూ నాణేల గురించే రాస్తరు. నాకు బావులే ముఖ్యం. రెండువేల ఏండ్ల కిందటి మనిషి వాగు పక్కన ఊరు కట్టుకొని, వాగుల నీళ్ళు కనిపిస్తున్నా బావి ఎందుకు తవ్వుకున్నడు? వాగు మీద నీళ్ళు నాలుగు నెలలే, కింద నీళ్ళు ఏడాదంతా అని ఆయనకు తెలుసు. మన నేల తీరు అది. దాన్ని పట్టుకొనే ఇక్కడ మనుషులు బతికిండ్రు.

మళ్ళీ ఏటికి వద్దాం. మూలవాగు, మానేరు కలిసే దగ్గర ఇప్పుడు మధ్య మానేరు ఉన్నది. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్ట. 25 గేట్లు, 27 టీఎంసీల పైన నీళ్ళు. 2016 సెప్టెంబరులో పని నడుస్తుండంగనే వరదకు కట్ట తెగింది, కింది ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించిండ్రు. తర్వాత మళ్ళీ కట్టి నింపిండ్రు. దాని కింద మునిగిన ఊళ్ళ పేర్లు కొన్ని చదువుత. అనుపురం. రుద్రవరం. కొదురుపాక. నీలోజిపల్లి. వరదవెల్లి. చీర్లవంచ. సంకెపల్లి. ఇంకా ఉన్నయి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయస్వామి గుడి మాత్రం నీళ్ళ నడుమ మిగిలింది, పడవల పోయి మొక్కుతరు. ప్రాజెక్టు వద్దని నేను అనను. 27 టీఎంసీలు అంటే ఎన్ని ఊళ్ళ పంట! కానీ మనం నల్లా తిప్పినప్పుడు ఆ ఊళ్ళ పేర్లు ఒక్కసారన్న నోట్లోకి రావాలె. అందుకే చదివిన.

దాని కింద ఎలగందల. ఏటి ఒడ్డున గుట్ట, గుట్ట మీద కోట. కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీల దాకా అందరి చేతులు మారిన కోట. 1905 దాకా జిల్లా పేరే ఎలగందల. ఆ తర్వాతనే కరీంనగర్ అయింది. దాని ముందర ఇప్పుడు సముద్రం తీరు నీళ్ళు కనిపిస్తయి, అది లోయర్ మానేరు. 1974లో మొదలుపెట్టి 1985కు పూర్తి చేసిండ్రు. 20 గేట్లు, 24 టీఎంసీలు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర ఇందులో పడతది, ఇక్కడినుంచే మళ్ళీ మన దిక్కు బయలుదేరుతది. మొత్తం 284 కిలోమీటర్ల కాలువ అది. అంటే మన నల్లాల వచ్చేది గోదారి నీళ్ళు, మానేరు నీళ్ళు కలిసిన నీళ్ళు అన్నట్టు.

డ్యాం దాటినంక మానేరు అసలు రూపం కనపడతది. ఒక ఒడ్డున మానకొండూరు, వీణవంక, జమ్మికుంట, టేకుమట్ల. ఇంకో ఒడ్డున సుల్తానాబాద్, ఓదెల, కాల్వశ్రీరాంపూర్, ముత్తారం. ఆ తర్వాత తాడిచర్ల బొగ్గు నేల, మంథని. మంథని దాటి ఆరెంద దగ్గర గోదారిలో కలుస్తది. ఈ పొడుగునా ఏరు కొన్ని చోట్ల కిలోమీటరు వెడల్పు పరుచుకొని ఉంటది. ఓడేడు, గర్మిళ్ళపల్లి నడుమ వంతెన సంగతి వినే ఉంటరు. 2016లో మొదలుపెట్టిండ్రు, 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలిదుమారానికి గడ్డర్లు కింద పడ్డయి. ఎవరూ కింద లేరు, అది అదృష్టం. ఒక ఒడ్డు పెద్దపల్లి జిల్లా, ఒక ఒడ్డు భూపాలపల్లి జిల్లా. ఇటు బిడ్డనిచ్చి అటు కోడలిని తెచ్చుకున్న ఊళ్ళు. ఎండాకాలం ఏట్లో వేసిన మట్టి బాట మీద పోతరు, వానాకాలం చుట్టూ తిరిగి పోతరు. నదిని ఫోటోల చూసేటోళ్ళకు ఈ బాధ తెల్వదు.

ఆరెంద దగ్గర కలిసిన నీళ్ళు ఎటు పోతయి? కింద అన్నారం బ్యారేజీ ఉన్నది. కాళేశ్వరం లెక్కల అన్నారం నుంచి సుందిళ్ళకు, సుందిళ్ళ నుంచి ఎల్లంపల్లికి, ఎల్లంపల్లి నుంచి లక్ష్మీపూర్ పంపులు ఎక్కి, వరద కాలువల పడి, మధ్య మానేరుకు. అంటే మానేరుల పారిపోయిన నీళ్ళనే మళ్ళీ మానేరుకు ఎత్తిపోసే ఏర్పాటు. 2019ల ఆ నీళ్ళు మధ్య మానేరుకు వచ్చిన రోజు జనం పూలు చల్లిండ్రు. నాకూ సంతోషమే అయింది. తర్వాత 2023 అక్టోబరులో మేడిగడ్డ కుంగింది, ఆ రాజకీయం మీకు తెలిసిందే, ఇక్కడ నాకు దాంతోని పని లేదు. నా పని ఒక్క ప్రశ్నతోని. నీళ్ళను మోటార్లు పెట్టి తెచ్చుకున్నం. ఇసుకను ఏ మోటారు తెస్తది?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చిన.

ఈ బల్ల మీద గ్లాసు చూసిండ్రా? ముందు వరుస పిల్లలు దగ్గరికి రండి. నిండుగ ఇసుక ఉన్నది. మానేరు ఇసుకనే. చేతుల పోసుకొని చూడు బిడ్డా. మెత్తగ ఉన్నదా? గరుకుగ ఉన్నది. గుండ్రంగ లేదు, మూలలు తగులుతున్నయి. తెల్లటియి పలుగు రాళ్ళ ముక్కలు, గులాబి రంగువి మన గుట్టల రాయిలోని ముక్కలు. అన్ని ఒక్క తీరు పెద్దగ ఉన్నయి, నడుమ మట్టి లేదు. గ్లాసు నిండినట్టేనా? నిండినట్టే. ఇప్పుడు ఇంకో గ్లాసు నిండ నీళ్ళు తీసుకొని ఇందులో పోస్తున్న, నిమ్మళంగ. చూస్తున్నరు గదా. పడుతున్నయి. ఇంకా పడుతున్నయి. ఇగో, ఇప్పుడు అంచుకు వచ్చింది. నీళ్ళ గ్లాసు ఎంత తగ్గింది? మూడో వంతు పైననే తగ్గింది. నిండిన గ్లాసుల మళ్ళీ మూడో వంతు నీళ్ళు పట్టినయి. ఇప్పుడు గుడ్డ అడ్డం పెట్టి వంపుత. అన్ని నీళ్ళు తిరిగి రాలేదు, కొన్ని ఇసుకకే అంటుకున్నయి. మనకు తిరిగి దక్కేది ఐదో వంతు అనుకోండి. ఐదో వంతే లెక్క పెడదాం, ఎక్కువ చెప్పొద్దు.

ఎవరైన రాసుకోండి. ఏరు ఒక కిలోమీటరు పొడుగు. 300 మీటర్ల వెడల్పు, ఇది తక్కువలో తక్కువ. ఇసుక మందం 3 మీటర్లు. ఎంత ఇసుక? 9 లక్షల ఘనమీటర్లు. దాంట్ల ఐదో వంతు నీళ్ళు, 1 లక్ష 80 వేల ఘనమీటర్లు. అంటే 18 కోట్ల లీటర్లు. ఎండాకాలం ఊళ్ళెకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్ ఉంటది గదా, అసుంటియి 36 వేల ట్యాంకర్లు. ఒక్క కిలోమీటరు ఏటికి. డ్యాంతోని పోలిస్తే ఇది తక్కువే, నేను ఒప్పుకుంట. ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్ల పైన. కానీ డ్యాం ఒక్కచోట ఉన్నది. ఈ నీళ్ళు ఏటి పొడుగునా ప్రతి ఊరి పక్కన ఉన్నయి. కాలువ లేదు, గేటు లేదు, మోటారు లేదు, ఎవరినీ అడిగే పని లేదు. ఇంకొకటి, 44, 45 డిగ్రీల ఎండకు డ్యాం మీద నీళ్ళు ఆవిరైపోతయి. ఇసుకల రెండు మూడు అడుగుల కింద ఉన్న నీళ్ళను ఎండ ముట్టలేదు.

దీన్ని మన పెద్దలు పుస్తకాలల్ల చదువుకోలేదు. చెలిమె తీసిన వాళ్ళు ఈ సభల ఉన్నరా? ఆ అమ్మ చెయ్యి లేపింది. అమ్మా, నువ్వు చెప్పాలె గని నేను చెప్తున్న, తప్పుంటే దిద్దు. పొద్దుగాల బిందె, చిప్ప పట్టుకొని పోతరు. తడి కనపడ్డ కాడ రెండు చేతులతోని ఇసుక తోడుతరు. నిలువుగ తవ్వితే జారి పడతది, అందుకే వెడల్పుగ, ఏటవాలుగ తవ్వాలె. మోచెయ్యి లోతుకు నీళ్ళు ఊరుతయి. మొదట ఊరినయి మురికిగ ఉంటయి, వాటిని చిప్పతోని తోడి అవతల పారపోస్తరు. రెండోసారీ పారపోస్తరు. మూడోసారి వచ్చినయి అద్దం తీరు ఉంటయి, అడుగున ఇసుక గింజలు లెక్కపెట్టొచ్చు. అప్పుడు గుడ్డ కట్టి బిందె నింపుతరు. పోయేటప్పుడు పశువు తొక్కకుంట ముండ్లకంప అడ్డం పెట్టి పోతరు. వెనుక వచ్చేటోళ్ళకు అది చెలిమె గుర్తు. తప్పు చెప్పిన్నా అమ్మా? "నిండు ఏట్లో నీళ్ళకన్న చెలిమె నీళ్ళే పప్పుకు మంచిగుంటయి" అంటున్నది. రికార్డింగుల పడాలె ఈ మాట.

చెలిమె ఒక్కటే కాదు. ఏటి ఇసుకల పొడుగ్గ గండి తీసి, ఊరిన నీళ్ళను వాలు పట్టించి పొలాలకు తీసుకపోయే ఊటకాలువలు ఉండేవి. మోటారు లేకుండ వరి పండించిండ్రు దాంతోని. ఒడ్డు బావులు ఉండేవి, మోట కొట్టిన బావులు. ఏరు లోపల పారితే ఆ బావులు నిండుతయి. ఎండాకాలం ఏట్లోనే పుచ్చతీగలు పెట్టేటోళ్ళు, గుంతకు చారెడు ఎరువేసి, చెలిమె నీళ్ళు పోసి. ఇవన్నీ ఇసుక మీద నడిచినయి. నీళ్ళ మీద కాదు, ఇసుక మీద.

మరి ఆ ఇసుక ఎక్కడినుంచి వచ్చింది? గుట్టల ముచ్చట మరిచిపోకండి అన్నగదా. మానేరు పై భాగమంతా నల్లరాయి, ఎర్రరాయి గుట్టలు. గ్రానైటు. ఎండకు కాగి, వానకు తడిసి, పొరలు పొరలుగ ఊడి, గరుసు అయి, ఒర్రెల పడి, వాగుల పడి, ఏటికి చేరి ఇసుక అయితది. రాయిలో మెత్తటి భాగం మట్టి అయి గోదారికి కొట్టుకపోతది, గట్టి పలుగు గింజ ఆగుతది. ఒక మీటరు ఇసుక చేరడానికి పట్టే కాలం మనిషి బతుకులతోని కొలిచేది కాదు. ఇప్పుడు ఆ గుట్టలేమైనయి? కరీంనగర్ రాయికి టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి, దిమ్మెలు కోసి, చైనా దాకా పంపుతున్నరు. గుట్ట దిమ్మె అయి ఓడ ఎక్కితే ఇసుక అయ్యేది ఎప్పుడు?

ఇక ఏట్లోకి వచ్చిన ఇసుకన్న కిందికి పోతదా అంటే, పోదు. నర్మాల కట్ట దగ్గర కొంత ఆగుతది, మధ్య మానేరు దగ్గర కొంత ఆగుతది, లోయర్ మానేరు దగ్గర మిగిలింది ఆగుతది. డ్యాం నీళ్ళను గేటు తెరిచి వదులుతది. ఇసుకను వదలదు, జలాశయం మొదట్ల నీళ్ళ ఊపు తగ్గిన కాడనే అది అడుగుకు దిగుతది. గేట్లల్ల నుంచి దుంకే నీళ్ళు ఇసుక లేకుండ దుంకుతయి. అసుంటి నీళ్ళకు ఊపు ఎక్కువ. తాము మోయగలిగినంత ఇసుకను కింద గోకి, గీకి పట్టుకపోతయి. అంటే డ్యాం కింద ఏటికి కొత్త ఇసుక రాదు, ఉన్నది పోతది. కింద కలిసే వాగులు తెచ్చేదే ఆధారం. ఎత్తిపోసిన నీళ్ళ సంగతి ముందే చెప్పిన, వాటితోని ఒక్క గింజ రాదు. ఇది ఎవరి తప్పు అని నేను అంటలేను. డ్యాం కట్టినంక ఏ నదికైన అయ్యేది ఇదే. అయితే ఇంత తెలిసినంక, డ్యాం కింద మిగిలిన ఇసుక మళ్ళీ రాని ఇసుక అని గుర్తుపెట్టుకొని మసులుకోవాలె గదా? మనం ఏం చేస్తున్నం?

హైదరాబాదుల ఇల్లు కట్టేటోళ్ళు కరీంనగర్ ఇసుక అని అడిగి మరీ కొంటరు. గరుకు గింజ, మట్టి లేదు, సిమెంటు గట్టిగ పట్టుకుంటది. ఆ గుణమే దానికి చావయింది. రాత్రి పూట రాజీవ్ రహదారి మీద నిలబడి చూడండి, లారీ వెనుక లారీ. ఒక లారీల 10 ఘనమీటర్లు అనుకుందాం. ఐదో వంతు లెక్క మళ్ళీ పెట్టండి. 2 వేల లీటర్ల నీళ్ళు దాచుకునే జాగ పోయింది. నీళ్ళు పోయినయి అంటలేను, జాగ పోయింది అంటున్న. ఈ ఏడు, వచ్చే ఏడు, ఆ పై ఏడు, ప్రతి వానాకాలం అక్కడ దాగాల్సిన 2 వేల లీటర్లు ఇక దాగవు. మీద పారి గోదారికి పోతయి.

చట్టం లేదా? ఉన్నది. 2002లో వాల్టా చట్టం వచ్చింది, నీళ్ళు, నేల, చెట్ల కోసం. దాని నియమాలల్ల వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి బావులకు 500 మీటర్ల లోపల ఇసుక తియ్యొద్దని ఉన్నది. చెక్‌డ్యాములు కట్టి, వాటి ముందర పూడిక తీస్తున్నమని చెప్పి ఇసుక తీసిండ్రు. మానేరు ఒడ్డు జనమే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయిండ్రు. పర్యావరణ అనుమతి లేకుండ పూడిక పేరు మీద ఇసుక తియ్యడం కుదరదని ట్రిబ్యునల్ చెప్పింది. దీన్ని గట్టిగ చెప్పాలె. పట్నపు పెద్దమనుషులు కాదు, ఏటి ఒడ్డు రైతులు, పిలగాండ్లు పోయి గెలిచిండ్రు. ఇంకో మాట, ఏట్లో ఇసుక పూడిక కాదు. చెరువులో మట్టి పూడిక, తియ్యాలె. ఏట్లో ఇసుకను పూడిక అంటే ఇంట్ల గోడను చెత్త అన్నట్టు.

మరి ఇండ్లు కట్టుకోవద్దా సారూ అని అడుగుతరు. అడగాలె. ఊళ్ళె పేదోడు ఇల్లు కట్టుకుంటుంటే ట్రాక్టరు ఇసుకకు పట్టుకొని జుర్మానా వేస్తరు, పక్కనుంచి లారీల వరుస పోతది. నేను ఊరి ఇంటికి ఇసుక వద్దనేటోన్ని కాదు. ఊరి అవసరానికి ఏరు ఎప్పుడూ ఇచ్చింది, ఒక వానకు మళ్ళీ సర్దుకున్నది. పట్నానికి రెండు దారులున్నయి. ఒకటి, జలాశయాల మొదట్ల చేరిన ఇసుక. అది ఎట్లనూ కిందికి రాదు, అక్కడుంటే డ్యాంల నీళ్ళ జాగను తింటది. దాన్ని లెక్క ప్రకారం, అనుమతి తీసుకొని తియ్యొచ్చు. రెండోది, రాయి పిండి చేసిన ఇసుక, రోబో సాండ్ అంటున్నరు. కరీంనగర్ క్వారీల పక్కన గుట్టల కొద్ది రాతి ముక్కలు వృథాగ పడి ఉన్నయి, ముందు వాటిని వాడుకోవాలె. కొత్త గుట్ట ముట్టొద్దు. స్లాబుకు పనికిరాదు అని మేస్త్రీలు కొందరు అంటరు. గింజను సరిగ ఆడించి, దుమ్ము కడిగితే పనికొస్తది. నాసిగ చేసి అమ్మడం వల్ల పేరు చెడింది. డ్యాం కింద, లోయర్ మానేరు నుంచి ఆరెంద దాకా మాత్రం లారీకి ఇసుక ఇవ్వొద్దని నా మాట. ఇంత తియ్యొచ్చు, అంత తియ్యొచ్చు అనే బేరం అక్కడ లేదు.

చెక్‌డ్యాములు మంచియేనా అని చీటీ పంపిండ్రు. ఇసుక ఉన్న కాడ మంచియే, నీళ్ళను నిలిపి ఇసుకల ఇంకనిస్తయి. ఇసుక ఊడ్చిన కాడ కడితే బండ మీద నీళ్ళు నిలబెట్టినట్టు. పునాది కింద ఇసుక పోతే వరదకు అదీ నిలవదు. కట్టిన కొద్ది ఏండ్లకే తెగిన వాటిని మీరు పేపర్ల చూసిండ్రు.

ఇక చేసే పని ఒకటి చెప్పి కూర్చుంట. ఇక్కడ జమ్మికుంట వాళ్ళున్నరు, వీణవంక వాళ్ళున్నరు, మంథని నుంచి వచ్చిన పిల్లలున్నరు. ఏట్లో ఎంత ఇసుక పోయింది అంటే ఎవరి దగ్గర లెక్క లేదు, అందుకే ఆఫీసుల మన మాట నిలబడదు. మీ ఊరి దగ్గర వంతెన ఉంటది. మే నెలాఖరుకు, వాన పడకముందు పోయి, వంతెన స్తంభానికి ఇసుక ఎంతవరకు తగులుతున్నదో అక్కడ నూనె రంగుతోని ఒక గీత గీయండి. పక్కన తేదీ, ఏడాది రాయండి, ఫోటో తీయండి. ఆ రోజే ఒడ్డు మీద మూడు బావులు చూసుకొని, గట్టు నుంచి నీళ్ళ దాకా తాడు వేసి కొలవండి. ప్రతి ఏడు అదే స్తంభం, అవే బావులు. వీలైతే పంచాయతీ రిజిస్టరులో ఎక్కించి గ్రామసభల చదివించండి. మూడు నాలుగేండ్ల గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నయనుకోండి, కలెక్టరు ముందు పెట్టొచ్చు, కోర్టు ముందు పెట్టొచ్చు. రంగు డబ్బాలు నేను కొనిస్త. పోయేటప్పుడు మీ ఊరు పేరు, దగ్గరున్న వంతెన పేరు ఆ నోటుబుక్కుల రాసిపోండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.